అరుగుమీది తీర్పు



పల్లెటూళ్లలో విమర్శకులు లేరని పట్టణములలో కొందరు తలంచుచున్నారు. కలుపు తీయుచున్న ఆడవారి ప్రక్కన ఒక గంటసేపు నిలిచి వినినయెడల ఆ తలంపు మారును. గడచిన రాత్రి టీవీలో కోడలు అత్తకు ఎదురు చెప్పుట న్యాయమా కాదా, ఆ మగవానికి అంత అనుమానమేల, కథ ఈ వారమైనను కదలునా కదలదా అను సంగతులన్నియు అచ్చట తేలుచుండును. సాయంకాలము బోరింగువద్దను, భోజనములైన పిమ్మట అరుగులమీదను ఆ మాటలే సాగుచుండును. పడుచువారు కూడినచోట పాటల ప్రస్తావన వచ్చును. ఒకడు బాగున్నదనును, మరియొకడు ఉత్త గోల యనును. మా కాలపు పాటలే పాటలని ప్రక్కనున్న తాతగారు తేల్చి చెప్పుదురు.

చదువుకొన్నవారు ఈ మాటలను పొద్దుపోని కబుర్లని త్రోసివేయుదురు. విమర్శ యనగా పండితులు పత్రికలలో వ్రాయునది యని వారి అభిప్రాయము. ఈ వ్యాసమున చెప్పదలచినది అందుకు వేరైనది. అరుగుమీద పలికిన మాటయు తీర్పే. అది కథలను మార్చినది, పాటలను నిలిపినది, మనుష్యుల మనస్సులను నొప్పించినది కూడ. ఇంత బలము గల మాటను మనము ఆలోచింపకయే పలుకుచున్నాము. నచ్చినది, నచ్చలేదు అనుటతో తీర్పు ముగియదు. ఏల నచ్చినది? ఏల నచ్చలేదు? ఈ చిన్న ప్రశ్నను మనలను మనమే అడుగుకొనుటయందు విమర్శ మొదలగుచున్నది.

1. ఉత్తరముల మూట

ఈ తీర్పునకు బలము కలదని చూపుటకు కొంచెము వెనుకకు పోదము. 1984 జూలై 7వ తేదీన దూరదర్శనులో ‘హమ్ లోగ్’ అను హిందీ నాటకము మొదలాయెను. ఆ పేరునకు ‘మనబోటివారము’ అని అర్థము చెప్పుకొనవచ్చును. మన దేశపు టీవీలో నెలల తరబడి సాగిన కుటుంబ కథలకు అదియే దారి తీసినది. మనోహర్ శ్యామ్ జోషి దానిని వ్రాసెను. మెక్సికో దేశములో మిగెల్ సబీదో అను నిర్మాత వినోదకథలో హితబోధను కలిపి జనులకు చూపు పద్ధతి నొకదానిని ఏర్పరచియుండెను. ఆ పద్ధతినిబట్టియే హమ్ లోగ్ కట్టబడెను. కుటుంబ నియంత్రణము, స్త్రీల గౌరవము మొదలగు సంగతులను ఈ కథద్వారా జనులకు నేర్పవలెనని దానిని తలపెట్టినవారు కోరిరి.

మొదటి 13 భాగములలో బోధ హెచ్చై కథ తగ్గెను. చూచువారు విసుగుకొనిరి. వారి విసుగును గమనించి నిర్మాతలు బోధను తగ్గించి, ఆ ఇంటివారి కష్టసుఖములను ముందుకు తెచ్చిరి. అప్పటినుండి ఆ నాటకము ఇంటింటి మాటయాయెను. 1985 డిసెంబరు 17న ముగియునాటికి 150కు పైగా భాగములు జరిగెను. ప్రతి భాగము చివర పేరుపొందిన నటుడు అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి, ఆనాటి కథను గూర్చి రెండు మాటలు చెప్పి, మీరేమందురు అని చూచువారినే అడుగుచుండెను. వారు జవాబిచ్చిరి. ఆ నాటకమును గూర్చి 4,00,000కు పైగా ఉత్తరములు వచ్చెను. వ్రాసినవారిలో విమర్శకులమని చెప్పుకొనదగినవారు ఎందరుందురు? కథ చూచి మనస్సులో మాట ఉండబట్టలేక కార్డు వ్రాసినవారే మిక్కుటము.

అయితే ఆ తీర్పులలో మనము గమనింపవలసిన విచిత్రమొకటి కలదు. ఆ కథలో భగవంతి యను తల్లి కలదు. ఆమె భర్త త్రాగుబోతు. ఇంటిలో ఆమె మాటకు విలువ లేదు. ఆమె అన్నిటిని నోరెత్తక సహించును. ఇట్టి బ్రదుకు ఏ స్త్రీకిని ఉండరాదని జనులు తెలిసికొనవలెనని నిర్మాతల ఉద్దేశము. కాని చూచినవారిలో అనేకులు ఆమెయే ఆదర్శ గృహిణి యని మెచ్చుకొనిరి. హెచ్చరికగా నిలిపిన పాత్రను మాదిరిగా తీసికొనిరి.

తప్పెవరిది? కథ చెప్పినవారు ఆమె కన్నీటిని ఎంత జాలిగా చూపిరనగా, ఆ కన్నీరే గొప్పతనమువలె కనబడెను. చూచినవారును తమ యిండ్లలో చిన్ననాటినుండి వినిన మాటలను తీసికొనివచ్చి ఆమెకు తగిలించిరి. ఓర్పును మెచ్చుకొనుట ఒకటి. ఆ ఓర్పును దినదినము కోరునట్టి దుస్థితిని మెచ్చుకొనుట మరియొకటి. ఈ రెంటిని వేరుచేయని తీర్పు ఎంత ప్రేమతో పలికినదైనను ఆ తల్లికి మేలు చేయదు. ఆమెవంటి తల్లులు మన వీధిలో ఉన్నయెడల వారికిని మేలు చేయదు.

2. పాట కోరిన పోస్టుకార్డు

పాటల విషయములోను ఇట్టి బలమే కనబడుచున్నది. 1952లో బి. వి. కేస్కర్ గారు కేంద్ర ప్రభుత్వములో సమాచార ప్రసారశాఖ మంత్రియైరి. సినిమా పాటలయెడల ఆయనకు ఆదరము లేదు. శాస్త్రీయ సంగీతమే జనుల అభిరుచిని బాగుచేయునని ఆయన నమ్మెను. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గి తగ్గి దాదాపు వినబడక పోయెను.

శ్రోతలు సభలు చేయలేదు, ఊరేగింపులు తీయలేదు. వారు రేడియో ముల్లును త్రిప్పి కొలంబోనుండి వచ్చు రేడియో సిలోనును పట్టుకొనిరి. అదే 1952వ సంవత్సరము చివర అచ్చట ‘బినాకా గీత్‌మాలా’ అను కార్యక్రమము మొదలాయెను. అమీన్ సయానీ దానిని నడుపుచుండెను. బుధవారము రాత్రి ఆయన స్వరముకొరకు వీధులు నిర్మానుష్యమగుచుండెనని పెద్దలు చెప్పుకొందురు. ఉత్తరములు వేలకు వేలు వచ్చిపడెను. ఇప్పటి జార్ఖండ్ రాష్ట్రములో అభ్రకపు గనుల నడుమనున్న ఝుమ్రీ తలైయా అను చిన్న ఊరు, ఏ రేడియో కేంద్రమునకైనను పాటలు కోరుచు కార్డులు వ్రాయుటవలననే దేశమంతట పేరు పొందెను. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణివారే వివిధ భారతిని మొదలుపెట్టి సినిమా పాటలకు మరల చోటిచ్చిరి. పేరులేని శ్రోతల పోస్టుకార్డులు ఒక మంత్రిగారి అభిరుచి యెదుట నిలిచి గెలిచెను.

ఈ గెలుపును చూచి సంతోషింపవచ్చును. అయినను ఒక మాట మరువరాదు. ఎక్కువమంది కోరిన పాట ఆ వారము ఎక్కువమందికి కావలసిన పాట. లెక్క చెప్పునది అంతవరకే. అది మంచి పాటయా కాదా అను ప్రశ్నకు లెక్కలో జవాబు లేదు. నేడు సెల్‌ఫోనులో ఒక పాటను ఇన్ని కోట్లమంది చూచిరని వ్రాసియున్నది గనుక ఇక వాదమేల యని పడుచువారు అనుచున్నారు. సంతలో జనము మూగిన అంగడిలోని సరుకంతయు మంచిదని మన పెద్దలెన్నడును చెప్పలేదు. చేత పట్టుకొని, వాసన చూచి, పంటిక్రింద వేసికొని చూచుటకే వారు మనకు నేర్పిరి.

కాలము మరియొక త్రాసు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కాలధర్మము నొందెను. ఆయన పోయిన తరువాత పుట్టినవారు, వారి బిడ్డలు కూడ ఆయన పాటలను నేటికిని పాడుకొనుచున్నారు. దీనినిబట్టి పాతవన్నియు మంచివని తాతగారు నిర్ణయింపరాదు. ఆ కాలములోను పనికిమాలిన పాటలు కావలసినన్ని వచ్చెను. కాలము వాటిని చెరిగి పారవేసినది గనుక మనకు మంచివే మిగిలెను. నేటి పాటలను కాలమింకను చేటలో పోయలేదు. కావున పొట్టుతో గింజను కలిపి పారబోయకుండ వినువారు జాగ్రత్తగా వినవలెను.

3. డాక్టరుగారికి ఆ పరీక్ష తెలియదా?

ఇప్పుడు మన అరుగులమీద మిక్కిలి తీర్పులు పొందిన ఒక తెలుగు సీరియలును చూతము. ‘కార్తీక దీపం’ 2017 అక్టోబరులో స్టార్ మా చానెలులో మొదలై 2023 జనవరివరకు సాగెను. మలయాళములో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలము. ప్రేమీ విశ్వనాథ్ అను కేరళ నటి ఆ మూలములోను ఈ తెలుగు కథలోను ముఖ్యపాత్ర ధరించెను. దీప నల్లని పిల్ల. కార్తీక్ అను డాక్టరు ఆమెను వివాహమాడును. మోనిత యను మరియొక వైద్యురాలి పన్నాగములవలన అతడు భార్యను అనుమానించును. ఆమె ఇల్లు విడిచి వంట చేసికొని బ్రదుకును. జనులు ఆమెను వంటలక్క యని, అతనిని డాక్టర్ బాబు అని పిలుచుకొనిరి. వారు తమ వీధిలోనే కాపురమున్నట్లు వారిని గూర్చి మాటలాడుకొనిరి.

ఆ అనుమానము ఏండ్లు గడచినను తీరలేదు. పిల్లలు తన పిల్లలో కాదో తెలియక డాక్టరుగారు కుమిలిపోవుచుండిరి. అప్పుడు ఊరూర ఒక ప్రశ్న పుట్టెను. “ఏం వదినా, అంత పెద్ద డాక్టరు గదా, డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఒక్క పూటలో తేలిపోదా?” చదువు రానివారు సైతము ఈ ప్రశ్న నడిగిరి. నవ్వులకు పలికిన మాటగా ఇది కనబడును గాని, ఇది మంచి విమర్శ. కథకుడు తన కథకు తానే ఒక హద్దు పెట్టుకొనును. మాటలాడు చిలుక గల కథలో చిలుక మాటలాడిన తప్పు లేదు. కాని ఆ కథలో మనుష్యుడు డాక్టరని చెప్పినప్పుడు డాక్టరునకు తెలిసినది అతనికి తెలిసియుండవలెను. తెలియనట్లు చూపుట కథ తన మాట తానే తప్పుట. ఆ తప్పును మొదట పట్టుకొన్నది అరుగుమీద కూర్చున్నవారే.

కథ ఇట్లు సాగదీయబడుటకు కారణమును వారు తెలిసికొనుట మంచిది. సీరియలునకు సొమ్ము ప్రకటనలవలన వచ్చును. ప్రకటనల ధర చూచువారి లెక్కనుబట్టి యుండును. ఆ లెక్కకై దేశములో ఎన్నుకొన్న కొన్ని వేల ఇండ్లలో మీటరు పెట్టి, అచ్చట ఏది చూచిరో కనిపెట్టి, దానినిబట్టి కోట్లమందికి లెక్క కట్టుచున్నారు. వారమువారము ఆ అంకెలు వచ్చును. అంకె బాగున్నంతవరకు ముడి విప్పుటకు నిర్మాతకు మనస్సు రాదు. ముడి విప్పినయెడల జనులు లేచి పోవుదురేమో యని భయము. జీడిపాకమని మనవారు పెట్టిన పేరు దీనికి చక్కగా తగియున్నది. పాకము తీగ సాగునంతవరకు సాగదీయుదురు.

2022లో ఆ కథలో దీపయు డాక్టర్ బాబును ప్రమాదములో మరణించినట్లు చూపి, పిల్లలు పెద్దవారైన కథను మొదలుపెట్టిరి. చూచువారికి అది రుచింపలేదు. ఆ యేడే వారిద్దరిని బ్రదికించి మరల తీసికొనివచ్చిరి. 2024 మార్చిలో అదే పేరుతో, ఆ నటీనటులతోనే మరియొక కథను మొదలుపెట్టిరి. చూచితిరా? మన తీర్పు చనిపోయినవారిని సైతము కథలోనికి మరల రప్పించినది. అంత బలముగల తీర్పును మనము దేనికి వాడితిమి? మనకు ఇష్టమైన ముఖములను మరల చూచుటకు వాడితిమి. మంచి కథ కావలెనని వాడలేదు. “వారు లేనియెడల చూడము” అని చెప్పితిమి గాని, “ఇట్టి కథయైన చూడము” అని చెప్పలేదు. మనము అడిగినదే మనకు దొరకినది.

4. ‘గాని’ అను చిన్నమాట

ఈ సీరియలులో అతి ముఖ్యమైన సంగతి పరీక్ష కాదు, రంగు. నల్లగా నున్నందున దీప పుట్టినింటను మెట్టినింటను పడిన అవమానములతో కథ మొదలగును. అత్తగారైన సౌందర్య మొదట నలుపును ఏవగించుకొనును, తరువాత కోడలి పక్షమున నిలుచును. మన తెలుగు ఇండ్లలో నిజముగానున్న ఒక గాయమును ఈ కథ ముట్టుకొన్నది. అందుకు దానిని మెచ్చుకొనవలసినదే. రంగును గూర్చి ప్రతి రాత్రి ఇంతమంది ఎదుట మాటలాడిన తెలుగు కథలు అరుదు.

అయినను నిర్మాతలను ఒక ప్రశ్న అడుగవలసి యున్నది. ఆ పాత్ర ధరించిన నటి స్వభావముగా అంత నలుపు కాదు. పాత్రకొరకు ఆమెకు నల్లరంగు పూసిరి. ఆమె నటన గొప్పదే. అందులో సందేహము లేదు. కాని నలుపు దోషము కాదని చెప్పు కథకు నల్లని అమ్మాయి దొరకలేదా? దొరకకపోలేదు. నల్లని ముఖమును నిజముగా చూచుటకు జనులు ఇష్టపడరేమో యను జంకు అందులో కనబడుచున్నది. కథ పలికిన మాటను కథ కట్టిన చేతులే పూర్తిగా నమ్మలేదు.

ఇక మన సంగతి. ఆ దీపకొరకు మనము కన్నీరు కార్చితిమి. “ఎంత మంచిపిల్లో, పాపం నలుపైందిగాని” అంటిమి. ఈ ‘గాని’ అను చిన్నమాటను ఒక్కసారి వినుడి. పిల్ల మంచిదే గాని నలుపు. పిల్ల నలుపే గాని గుణవంతురాలు. ఎటు త్రిప్పినను నలుపు ఒక లోటుగను, గుణము ఆ లోటును పూడ్చు కట్నముగను నిలుచుచున్నది. మనము దీపను పొగడుచున్నామనుకొనుచు, ఆమెను నిందించినవారి మాటనే కొంచెము మెత్తగా చెప్పుచున్నాము.

టీవీ ముందర మనతోకూడ ఎవరు కూర్చున్నారు? ఇంటిలో పదునాలుగు, పదునైదేండ్ల అమ్మాయి ఒకతె గోడకు ఆనుకొని కూర్చున్నది. ఆమెయు నలుపే. వంటలక్కకొరకు నాయనమ్మ ఏడ్చుట ఆమె చూచినది. మరునాడు అన్నకు సంబంధము చూచి వచ్చి, “పిల్ల చామనచాయ, మనకొద్దు” అని అదే నాయనమ్మ చెప్పుట కూడ ఆమె వినినది. బడిలో తోటివారు తనను వంటలక్క యని పిలిచినప్పుడు అది పొగడ్తయో ఎగతాళియో ఆమెకు తెలియకపోదు. ముఖము తెల్లబడునని చెప్పు లేపనముల ప్రకటనలును ఆమె కన్నులబడుచునే యున్నవి. మన అభిప్రాయము ఆమె చెవిలో పడుచున్నది. ఆమె దానిని మనవలె తెల్లవారువరకు మరచిపోదు. తనను తాను ఎట్లు చూచుకొనవలెనో ఆ మాటలనుండి నేర్చుకొనుచున్నది.

సీరియలును గూర్చిన మాట సీరియలుతో ముగియదనుటకు ఇంతకంటె ఋజువు అక్కరలేదు.

5. వేషము వేరు, మనిషి వేరు

మన తీర్పులలోని మరియొక పొరపాటు వేషమును మనిషిని ఒకటిగా చూచుట. సూర్యకాంతమ్మగారి సంగతి పెద్దలందరికి తెలియును. 1924లో జన్మించి 1994లో మరణించిన ఆ మహానటి గయ్యాళి అత్త వేషములకు పెట్టినది పేరు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఆమె పాత్ర పేరే సినిమాకు పేరాయెను. నిజ జీవితమున ఆమె దయాళువనియు, ఇంటినుండి వంటలు తెచ్చి తోటి నటులకు కడుపార పెట్టుచుండెననియు ఆమెతో పనిచేసినవారు చెప్పిరి. అయినను ఆడపిల్లకు ఆ పేరు పెట్టుటకు తెలుగువారు జంకిరి. నటి గెలిచినదనుటకు ఇది గుర్తని కొందరందురు. అది నిజమే. అయితే ఒక మంచి స్త్రీ తన పనిని చక్కగా చేసినందుకు ఆమె పేరు తిట్టుగా మారుట కూడ నిజమే.

నేడు చెడ్డ పాత్ర వేసిన నటి ఫోటో ఫోనులో కనబడగానే చేతికి వచ్చిన తిట్టు వ్రాయువారు కలరు. వారు తిట్టుచున్నది ఎవరిని? కథలోని దుష్టురాలికి ఆ తిట్టు అందదు. ఆమె లేదు గదా. అందునది కూలికి పనిచేసికొని ఇంటికి పోయిన ఒక స్త్రీకి. మోనిత పాత్రను చూచి మనకు కోపము వచ్చినయెడల ఆ కోపము ఆ నటికి మార్కులు వేయవలెను.

దీనికి సమీపమైన పొరపాటు మరియొకటి కలదు. తెరమీది కోడలిని కొలబద్దగా పట్టుకొని ఇంటి కోడలిని కొలుచుట. తెరమీది కోడలు తెల్లవారుజామున పట్టుచీర కట్టుకొని, నగలు పెట్టుకొని, ఎన్ని మాటలన్నను బదులు చెప్పక కన్నీరు తుడుచుకొనును. ఇంటి కోడలు పొలమునుండి వచ్చి, పశువుల పని చూచి, అలసటతో ఒక మాట గట్టిగా అనును. “ఆ సీరియలు పిల్లను చూచి నేర్చుకో” అను మాట ఎన్ని ఇండ్లలో పుట్టలేదు? తెరమీది పిల్లకు ఓర్పు వ్రాసి ఇచ్చినవారున్నారు. ఇంటి పిల్లకు ఎవరును వ్రాసి ఇయ్యలేదు. ఆమె తన బలముతోనే మోయుచున్నది.

6. పాటను తూచిన మాదిరి

మంచి విమర్శ ఎట్లుండవలెనో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములు చదువనక్కరలేదు. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు 1996నుండి ఈటీవీలో నడిపిన ‘పాడుతా తీయగా’ మనలో అనేకులు చూచినదే. 2020 సెప్టెంబరు 25న ఆయన మరణించెను. పాడుటకు వచ్చిన పిల్లలతో ఆయన మాటలాడిన తీరును జ్ఞాపకము చేసికొనుడి.

బాగున్నదని చెప్పి ఆయన ఊరకొనడు. ఆ పాట వ్రాసిన కవి ఎవరో, స్వరపరచినవారు ఎవరో, మొదట పాడినవారు ఎవరో చెప్పును. ఏ చరణములో శ్రుతి జారినదో చెప్పును. ‘శ’ పలుకవలసినచోట ‘స’ పలికినయెడల దానిని ఎత్తి చూపును. ఒక్కొక్కసారి తానే పాడి చూపును. ఇంత చెప్పినను ఆ పిల్లవాడు తలవంచుకొని పోవునట్లు చేయడు. మరుసటిసారి ఇంకను బాగుగా పాడవలెనను ఆశతో పంపును. ఎన్నియో వేల పాటలు పాడిన మనిషి పదేండ్ల పిల్లవాని పాటకు కారణము చెప్పి తీర్పు చెప్పెను. మనమైతే రెండు నిమిషములు విని “ఛీ, ఇదొక పాటా” అని తేల్చివేయుచున్నాము.

ఆయన తీర్పులో సంగతి పాటను విడిచి ప్రక్కకు పోదు. పాడినవాడు ఏ ఊరివాడు, ఎవరి కొడుకు, ఏ నటుని అభిమాని అను మాటలతో శ్రుతికి సంబంధము లేదు. మన పడుచువారు పాటను గూర్చి వాదించునప్పుడు పాటను విడిచి ఆ పాటలో నటించిన కథానాయకుని పట్టుకొనుచున్నారు. మా వాని పాట, మీ వాని పాట అని రెండు గుంపులగుచున్నారు. కంటికి గంత కట్టుకొని రంగును గూర్చి వాదించుట ఎట్టిదో, చెవిని మూసికొని పాటను గూర్చి వాదించుట అట్టిదే.

7. మనకు మాత్రమే తెలిసినది

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చిలో అమెరికాలో ఆస్కారు బహుమానము వచ్చెను. ఎం. ఎం. కీరవాణి స్వరపరచెను; చంద్రబోసు వ్రాసెను; రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిరి. వార్త వినగానే అరుగులమీద రెండు తీర్పులు వినబడెను. కొందరు తెలుగు పాటకు ఇంత గౌరవమా యని ఉప్పొంగిరి. మరికొందరు, “కీరవాణిగారు ఇంతకంటె తీయని పాటలెన్నో కట్టిరి, ఈ గెంతులపాటకు ఏల యిచ్చిరి?” అనిరి.

రెండవవారి ప్రశ్న తీసివేయదగినది కాదు. అయితే జవాబు చెప్పుటకు ముందు ఆ పాట కథలో ఏ పని చేయుచున్నదో చూడవలెను. అది 1920ల నాటి కథ. తెల్లవారి విందులో ఒక తెల్లవాడు, మీకు నాట్యమేమి తెలియునని మన పిల్లవానిని అవమానించును. ఆ అవమానమునకు జవాబు ఈ పాట. జోలపాటలో వెదకు తీయదనమును ఇచ్చట వెదకరాదు. కోడెను చూచి ఆవువలె పాలియ్యలేదని తప్పుపట్టుదుమా? దుక్కికి ఎట్లు లాగినదో చూతుము.

ఇక మాటలు. చంద్రబోసు ఆ పాటను పల్లెటూరి పోలికలతో కట్టెను. పొలము, పశువు, జాతర, చెప్పులు, చెట్టునీడ, రొట్టె అన్నియు అందులో కలవు. బహుమానమిచ్చిన దూరదేశపువారు తాళమును వినియుందురు, ఆటను చూచియుందురు. ఆ పోలికలు సరిపోయినవో లేదో వారికి ఏమి తెలియును? పొలముగట్టుమీద నడచినవానికి, జాతరలో త్రొక్కిడి చూచినవానికి, రొట్టెలో కారము నంజుకొన్నవానికి తెలియును. ఈ పాటలో ఏ మాట నిజము పలికినది, ఏ మాట ఊరక ప్రాసకొరకు వచ్చినది అని చెప్పగల అధికారము మన పల్లెవారికి కలదు. అటువంటి అధికారముండగా, బహుమానము వచ్చినది గనుక గొప్పదనియో, గోలగానున్నది గనుక చెడ్డదనియో పరుల మాటలను అరువు తెచ్చుకొననేల?

8. తీర్పు చెప్పుటకు ముందు

ప్రియులారా, సీరియలు చూడవద్దని గాని, పాట వినవద్దని గాని ఈ వ్యాసము చెప్పుట లేదు. పగలంతయు వంగి పనిచేసిన నడుమునకు రాత్రి ఒక గంట కథ కావలెను. ఆ కథను గూర్చి నలుగురితో మాటలాడుట అంతకంటె గొప్ప సంతోషము. ఒంటరిగా బ్రదుకు ముసలివారికి ఆ మాటలే తోడు. కొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లకు ఇరుగుపొరుగుతో స్నేహము కలుగుటకు అవియే మొదటి మెట్టు. తన ఇంటి కష్టమును నోరువిప్పి చెప్పుకొనలేని స్త్రీ సీరియలులోని స్త్రీ పేరు పెట్టి చెప్పుకొనుటయు కలదు. శ్రద్ధగా వినువారికి అది అర్థమగును. కావున ఈ మాటలను ఎవరును చులకన చేయరాదు.

వాటిని పలుకు మనము కూడ వాటిని చులకన చేయరాదు. కథ బాగున్నదని చెప్పునప్పుడు ఏది బాగున్నదో ఒక్క కారణమైనను చెప్పుదము. కథ తాను పెట్టుకొనిన హద్దును తానే దాటినప్పుడు, డీఎన్ఏ పరీక్షను గూర్చి అడిగినట్లు అడుగుదము. నవ్వి ఊరకొనక, ఆ రాత్రి టీవీ కట్టివేయుదము. ఆ లెక్కలు వ్రాసికొనువారికి అర్థమగు భాష అది యొక్కటే. వేషమునకు రావలసిన తిట్టు మనిషికి తగులకుండ చూతము. పాటను గూర్చి పలుకునప్పుడు పాటనే పట్టుకొందము.

అన్నిటికి పైగా, మన మాట ఎవరి చెవిని పడుచున్నదో చూతము. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన సామెత. దీప మంచి పిల్ల. ఆ వాక్యమును అక్కడనే ఆపవచ్చును. దాని వెనుక ‘గాని’ అని మరియొక మాట తగిలింపనక్కరలేదు. అట్లు ఆపుట నేర్చుకొన్న ఇంటిలో గోడకు ఆనుకొని కూర్చున్న పిల్ల కూడ తల యెత్తి కథను చూడగలదు.